మా ఇంటికి రండి అన్నందుకు

డిసెంబరు 18

చలి వాడుకున్నవాళ్ళు రోజూ నాలుగు ముక్కలు రాసి ఇవ్వాలట. ఎంత చలి వాడుకున్నారు, దానివల్ల ఏం ఆనందం కలిగింది, ఏమైనా వృథా చేశారా. లంబసింగి శీతల విహారం గేటు దగ్గర కోటుతో పాటు ఈ పుస్తకం కూడా చేతిలో పెట్టారు. కోటు తిరిగి ఇవ్వకపోయినా ఊరుకుంటారు గాని పుస్తకం ఇవ్వకపోతే రైలెక్కనివ్వరట. కాబట్టి దీన్ని చదివే గుమాస్తా గారికి నమస్కారం. నా పేరు హైమావతి. కొత్త కాకినాడలో సముద్రాన్ని మంచినీళ్ళు చేసే ఫ్యాక్టరీలో పగటి షిఫ్టు నాది. హైమావతి అంటే మంచుకొండ కూతురని అర్థం. మంచుకొండ కూతురు యాభై రెండేళ్ళకి ఇవాళ మొదటిసారి మంచు చూసింది.

పేరు రాయించుకున్న పదకొండేళ్ళకి వంతు వచ్చింది. ఒకసారి వచ్చాక ఇక బెంగలేదు, మూడేళ్ళకోసారి రెండేసి రోజులు, చచ్చేదాకా. అందుకే నాతోపాటు షిఫ్టులో పనిచేసే ముగ్గురూ ఏడుస్తూనో నవ్వుతూనో ఇన్నాళ్ళూ ఆగారు. తాయారు మర్యాదస్తురాలు. పైపు పగిలి మొహం మీద నీళ్ళు కొడితే పైపుకి కూడా క్షమాపణ చెప్పుకుంటుంది. నూకాలు కుండ బద్దలు కొట్టినట్టు మాట్లాడుతుంది, కనీసం మాట్లాడతానని చెప్పుకుంటుంది. వకుళకి పుట్టినప్పటినుంచీ సొంత అభిప్రాయం అంటూ లేదు.

కప్పు కింద, అంటే ఈ చలినంతా పట్టి ఉంచిన గాజు కప్పు కింద, నాలుగు దారులున్నాయి. జారుడు కొండ, సుడిబండి, గడ్డకట్టిన చెరువు, చిన్నపిల్లల మంచు రైలు. కోటు కాలరులోంచి ఓ గొంతు, ముందు ఎటు వెళ్తారని అడిగింది.

"నాదేముందే, మీరెటంటే అటే," అంది వకుళ.

"అయ్యో, ముందు మీరు చెప్పండే. నాకేదైనా ఒకటే," అంది తాయారు.

"నాకు లేదా ఏంటి మర్యాద? మీరే చెప్పండి," అంది నూకాలు.

నేను కూడా మీ ఇష్టం అన్నాను. నలభై నిమిషాలు అక్కడే నిలబడ్డాం. నాకు జారుడు కొండ ఎక్కాలని ఉంది. ముగ్గురికీ అదే ఉందని సాయంత్రం తెలిసింది. కాలరు విసిగిపోయి మమ్మల్ని చిన్నపిల్లల రైలెక్కించింది. మోకాళ్ళు గడ్డానికి తగులుతూ, పక్క పెట్టెలో మూడేళ్ళ పిల్లాడు మమ్మల్ని జాలిగా చూస్తుండగా, మూడు చుట్లు తిరిగాం.

ఆనందం కలిగిందా అన్న గడి కింద ఒకటి రాయాలి. రైలు దిగాక ఊపిరి వదిలితే నోట్లోంచి పొగ వచ్చింది. నా ఊపిరి నా కంటికి కనపడటం అదే మొదలు. చాలాసేపు ఊరికే ఊపిరి వదులుతూ నిలబడ్డాను. ఇది మాత్రం వెటకారం కాదు, నాకు అంత సంతోషం ఈమధ్య ఎప్పుడూ కలగలేదు.

డిసెంబరు 19

ఇవాళ జంతువులు. కొత్త చట్టం వచ్చాక జంతువుల్ని చూడటం నేరం, కలుసుకోవటం మాత్రమే ఉంది. ప్రతి జంతువు మెడలోనూ మాటపెట్టె కట్టారు. దాని మనసులో ఉన్నది అందులోంచి తెలుగులో వినపడుతుంది. అది రండి అంటేనే మనల్ని లోపలికి వదులుతారు.

పెంగ్విన్ల దగ్గర గంటన్నర నిలబడ్డాం. మా వంతు వచ్చేసరికి, "ఇంక చాలు, అందరి మొహాలూ ఒక్కలాగే ఉన్నాయి," అని వెనక్కి తిరిగి వెళ్ళిపోయాయి. ఎలుగుబంటి నిద్రలోనే తలుపెయ్యమంది. సీలు, చేప తెచ్చారా అని అడిగి, లేదనగానే నీళ్ళలోకి దూకేసింది. కోతులకి పెట్టెలు కట్టిన మొదటిరోజే తీసేశారట. అవి ఏమన్నాయో అక్కడి సిబ్బంది ఎవరూ చెప్పటం లేదు.

ఈలోగా వకుళకి కాలివేళ్ళు మొద్దుబారాయి. కాళ్ళు వెచ్చబెట్టుకోటానికి దగ్గర్లో కనపడ్డ గాజు గదిలో దూరాం. లోపల అచ్చం కొత్త కాకినాడలా ఉంది, అంతే ఉక్క. చలి కోసం ఏళ్ళ తరబడి ఆగి వచ్చినవాళ్ళు ఆ గదిలోకి ఎందుకు వస్తారు? మనిషన్నవాడు లేడు. ఓ మూల తాబేలు ఒకటి, మా వంటింటి బల్లంత వెడల్పుది, కూర్చుని ఉంది. పేరు వరహాలమ్మ గారు, వయసు నూట పన్నెండు, బరువు తొంభై కిలోలు అని రాసి ఉంది. దాని కింద ఇంకో బోర్డు: "పిలవకపోయినా లోపలికి రావచ్చు, మాట్లాడవచ్చు. జవాబుకు రెండు రోజులు పడుతుంది. దయచేసి ఓపిక పట్టండి." మా పాసు మొత్తం రెండు రోజులే. ఆ బోర్డు రాసినవాడికీ ఈ పాసు రాసినవాడికీ మొహపరిచయం లేదనుకుంటాను.

వకుళ కాళ్ళు వెచ్చబడేదాకా ఏదో ఒకటి మాట్లాడాలి కదా. తాయారు వరహాలమ్మ గారిని భోజనం అయిందా అని అడిగింది, మోకాళ్ళ నొప్పులేమైనా ఉన్నాయా అని అడిగింది, ఇక్కడివాళ్ళు బాగా చూసుకుంటున్నారా అని గొంతు తగ్గించి అడిగింది. వరహాలమ్మ గారు నిదానంగా కళ్ళు మూసి తెరిచారు. అరగంట గడిచింది.

ఇక లేచేటప్పుడు జరిగినది వివరంగా రాయాలి, ఎందుకంటే గొడవంతా అక్కడే ఉంది. మా గోదావరి వైపు ఎవరితోనైనా నాలుగు మాటలు మాట్లాడితే చివర్న ఓసారి మా ఇంటికి రండి అనాలి. అనకపోతే పెంపకం బాగాలేదంటారు. వినేవాళ్ళు తప్పకుండా అనాలి. ఎవరూ రారు, ఎవరూ వస్తారనీ అనుకోరు. బస్సులో పక్క సీటు ఆయన్నీ, ఇంజెక్షన్ చేసిన నర్సునీ, మా మీద కేసు రాసిన ఇన్‌స్పెక్టరునీ కూడా పిలిచినవాళ్ళం మేం.

"ఓసారి మా ఇంటికి రావాలండి," అంది తాయారు.

"ఆయ్, రావాలి మరి," అంది నూకాలు.

"నాదీ అదే మాటండి," అంది వకుళ.

ముగ్గురూ అన్నాక నేను ఊరుకుంటే బాగుండదని, అందులోనూ వట్టినే రమ్మంటే మొక్కుబడిగా ఉంటుందని, నేను నాలుగు మాటలు కలిపాను. "ఊరికే వచ్చి వెళ్ళిపోతానంటే కుదరదండి. మా ఇంట్లో ఉన్నన్నాళ్ళు ఉండాలి. రాకపోతే నేనూరుకోను," అన్నాను. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మా అమ్మ అనేది. ఏ ఊరో చెప్పలేదు.

డిసెంబరు 20

ఇవాళ ఉదయం రైలెక్కి ఇంటికెళ్ళాలి. చలి చేసే యంత్రానికి ఉత్సాహం ఎక్కువై నిన్నంతా మంచు కురిపిస్తూనే ఉందట, పట్టాలు కనపడటం లేదట. మూడు రోజులు రైళ్ళు లేవు. దేశంలో అందరూ చలి లేక మాడి చస్తుంటే చలి ఎక్కువై చిక్కుకుపోయిన అదృష్టవంతులం మేం. మా పాసు ఉచితంగా పొడిగించి, ఉచితంగా చల్లటి ఇడ్లీ పెట్టారు.

ఖాళీగా ఉండలేక పాత శీతాకాలం అనే పార్కుకి వెళ్ళాం. మా అమ్మమ్మల కాలంలో ఉత్తినే, ఆకాశంలోంచి, ఎవరికి పడితే వాళ్ళకి చలి వచ్చేదట. అది ఎలా ఉండేదో చూపిస్తారు. బొమ్మ టీ కొట్టు ముందు మంకీ క్యాపులు పెట్టుకున్న బొమ్మ మనుషులు చలిమంట చుట్టూ కూర్చుని, "ఈ ఏడు చలి చంపేస్తోందండీ బాబూ," అని ఒకళ్ళతో ఒకళ్ళు చెప్పుకుంటారు. పక్కన ఓ బొమ్మ ముసలాయన మఫ్లరు కట్టుకుని దగ్గుతాడు. అందరం కూర్చుని ఆ దగ్గు మూడుసార్లు విన్నాం. చలి గురించి ఫిర్యాదు చేసేంత చలి ఉన్న మనుషుల్ని చూస్తే కడుపు మండిపోయింది.

సాయంత్రం జారుడు కొండ ఎక్కాను, ఒక్కదాన్నే, ఎవర్నీ అడగకుండా. పైనుంచి కిందికి వచ్చేదాకా చల్లగాలి మొహాన్ని కోసేస్తుంటే గట్టిగా నవ్వుతూనే ఉన్నాను. మూడేళ్ళకి మళ్ళీ వస్తాను. అప్పటికి నాకు యాభై అయిదు, ఆ తర్వాత యాభై ఎనిమిది. లెక్క వేసుకుంటే ఇంకా ఏడెనిమిది చలికాలాలు మిగిలున్నాయి నాకు.

డిసెంబరు 21

మధ్యాహ్నం అన్నం తింటుండగా కాలరు మోగింది. "హైమావతి గారికి జవాబు వచ్చింది," అంది. ఏ జవాబని అడిగాను. గాజు గదికి రమ్మంది.

అతిథి వ్యవహారాల అధికారి భీమేశ్వరరావు గారు అక్కడ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. పెళ్ళివారి ముందు నిలబడ్డట్టు నిలబడ్డారు. మాటపెట్టె మీట నొక్కారు. లోపల్నుంచి మెల్లగా, ఒక్కో మాటా విడివిడిగా, ఓ ముసలావిడ గొంతు వినపడింది.

"అలాగేనండి. వస్తాను."

"దానికేముందండి, తప్పకుండా," అని నవ్వి వెనక్కి తిరిగాను. భీమేశ్వరరావు గారు దారికడ్డంగా వచ్చారు.

"అది కాదండి. ఆవిడ నిజంగానే వస్తానంటున్నారండి, ఉండిపొమ్మన్న మీ ఇంటికేనండి. చట్టం ప్రకారం మీరు పిలిచారు, ఆవిడ ఒప్పుకున్నారు. జవాబు వచ్చేసరికి పిలిచినోళ్ళు కప్పు కిందే ఉంటే ఆ పిలుపు చెల్లుతుందండి. నా పదిహేనేళ్ళ సర్వీసులో ఇదే మొదలండి."

పద్ధతి ఇదట. జంతువు మన ఇంట్లో అతిథిగా ఉంటుంది. తనంతట తాను సెలవు తీసుకునేదాకా ఉంటుంది. అతిథిని ఇంట్లో వదిలి ఊరు దాటకూడదు, కాబట్టి అన్నాళ్ళూ చలి వంతు ఉండదు. తాబేళ్ళు ఎన్నాళ్ళు బతుకుతాయండి అని నూకాలు అడిగింది. ఆరోగ్యం బాగుంటే నూట ఎనభై అన్నారాయన, మాకు శుభవార్త చెప్పినట్టు. ఆవిడ సెలవు తీసుకోవాలని అనుకునేసరికి నా ఎముకలు కూడా మిగలవు.

"వద్దంటే?" అన్నాను.

"అనొచ్చండి. ఎల్లుండి పన్నెండింటి రైలు కదిలేలోపు అనాలండి. కాకపోతే ఆవిడ మొహం మీదే అనాలండి, మా దగ్గర చెబితే చెల్లదు. ఒకసారి ఒప్పుకున్న అతిథిని కాదంటే ఇక ఆవిడ్ని ఎవరూ పిలవకూడదండి. జన్మలో ఒకటే అవకాశం. చెప్పకుండా ఊరుకున్నారనుకోండి, మౌనం అర్ధాంగీకారం. మిగిలిన సగానికి మీ సంతకం చాలు."

గదిలోంచి బయటికొచ్చాక నలుగురం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం. "అసలు మొదలెట్టింది తాయారు కదా," అన్నాను. "నేనేదో నోటి మాటకి రమ్మన్నానే. ఉన్నన్నాళ్ళూ ఉండమన్నది నువ్వు," అంది తాయారు, అదీ మర్యాదగానే. "నువ్వు లేకుండా మేం మాత్రం చలికి ఎలా వత్తామే," అంది నూకాలు. వీళ్ళు ఎలా వస్తారో నాకు బాగా తెలుసు, రైల్లో కిటికీ పక్క సీటుకి కొట్టుకుంటూ వస్తారు. వకుళ మాత్రం, నీ ఇష్టమే హైమా అంది. నా జీవితంలో మొదటిసారి ఆ మాట వింటే భయం వేసింది.

డిసెంబరు 22

ఉదయం పది గంటలకి నలుగురం వెళ్ళాం. దారిలో నూకాలు ధైర్యం చెప్పింది. "మొహమాటమేంటే ఇందులో? నేను చెప్పేత్తాను. రావద్దమ్మా అంటాను, అయిపోద్ది. మీరు బయటుండండి." లోపలికి వెళ్ళింది. గాజులోంచి చూస్తూ నిలబడ్డాం. వంగి ఏదో చెప్పింది, చేతులు తిప్పింది, వరహాలమ్మ గారి వీపు నిమిరింది. పావుగంటకి బయటికొచ్చింది.

"చెప్పావా?"

"చెప్పేదాన్నేనే. పెద్దావిడ కదా, ముందు ఆరోగ్యం అడుగుదావని అడిగాను. తర్వాత నోరు రాలేదు. ఆరోగ్యం జాగ్రత్తండి అని చెప్పి వచ్చేశాను."

ఇక అందరం కలిసి లోపలికి వెళ్ళాం. పొమ్మనలేక పొగబెట్టడమని మా వైపు ఒక సామెత ఉంది, అది చేశాం. మా ఊళ్ళో ఎండలు నలభై ఏడు దాకా వెళ్తాయండి, అని తాయారు విచారంగా చెప్పింది. హైమా ఇల్లు నలభై ఒకటో అంతస్తండి, పైకప్పు కిందే, పెనం మీద కూర్చున్నట్టుంటదండి, అంది నూకాలు. పగలంతా ఇంట్లో పురుగు కూడా ఉండదండి, పలకరించే దిక్కుండదు, అన్నాను నేను. వకుళ చాలాసేపు ఆలోచించి, కూరగాయలు కూడా దొరకవండి, ఆకులే, అంది. మా ఇంటి మీద మేం చెప్పుకున్నన్ని నిందలు మా శత్రువులు కూడా ఎప్పుడూ వెయ్యలేదు. వద్దు అనే ఒక్క మాట తప్ప అన్నీ అన్నాం. వరహాలమ్మ గారు మెడ సాచి శ్రద్ధగా విన్నారు. వీటికి జవాబు ఇరవై నాలుగున వస్తుంది. మా రైలు ఇరవై మూడున.

మధ్యాహ్నం భీమేశ్వరరావు గారి గదికి వెళ్ళి ఏదైనా దారి ఉందేమో చూడమని బతిమాలాను. ఆయన దారి చూడలేదు గాని ఓ లావుపాటి రిజిస్టరు చూపించారు. పైన చేరని జవాబులు అని ఉంది. ముప్ఫై ఏళ్ళవి. చల్లబడ్డ కాళ్ళతో ఆ గదిలోకి వచ్చి, మా ఇంటికి రండి అని వెళ్ళిపోయినవాళ్ళ పేర్లన్నీ వరసగా ఉన్నాయి. ప్రతి పేరు పక్కనా రెండు రోజుల తర్వాత తేదీ, ఆ పక్కన జవాబు. రామచంద్రపురం దంపతులకి, అలాగేనండి, వస్తాను. అమలాపురం టీచర్ల బృందానికి, అలాగేనండి, వస్తాను. ఒక్క పెళ్ళిబృందంలో పద్నాలుగు మంది పిలిచారు, పద్నాలుగు మందికీ విడివిడిగా వస్తానన్నారు. పదకొండు వందల చిల్లర ఉన్నాయి. అందరూ మా గోదావరి వాళ్ళే.

"ఇవన్నీ ఎందుకు రాసి ఉంచారండి?" అని అడిగాను.

"ఎవరో ఒకరు మళ్ళీ వచ్చి, ఏమన్నారండి అని అడుగుతారేమోనండి," అన్నారాయన.

రిజిస్టరు మూసేశాను. సిగ్గుగా అనిపించింది. దాంతోపాటు కోపం కూడా వచ్చింది, ఎందుకంటే నా చలికాలాలు నాకు కావాలి. పదకొండు వందల మంది తప్పించుకున్నారు, మంచు కాస్త తక్కువ కురిసి ఉంటే నేనూ తప్పించుకునేదాన్ని.

డిసెంబరు 23

తొమ్మిది గంటలకి ఒక్కదాన్నే వెళ్ళాను. వాళ్ళు ముగ్గురూ ఉంటే నాకు మర్యాద ముంచుకొస్తుంది. గాజు తలుపు తీయగానే వరహాలమ్మ గారు గుమ్మంలోనే ఉన్నారు. మొన్నటి మూలనుంచి గుమ్మం దాకా ఇరవై అడుగులు. ముక్కు తలుపుకి ఆన్చి ఉంది.

నేను ఆవిడ ముందు నేల మీద కూర్చున్నాను. యాభై రెండేళ్ళలో ఒక్కరికీ చెప్పనిది చెప్పాను. "వరహాలమ్మ గారూ, నేను ఆ మాట నిజంగా అనలేదండి. మర్యాదకి అన్నాను. మీరు రావటం నాకు ఇష్టం లేదు. మీరు వస్తే నాకిక చలి ఉండదు. ఇది మొన్ననే మొదటిసారి చూశాను. దీన్ని వదులుకోలేను. మీరు రావద్దు." అన్నీ చెప్పేశాను. ఆవిడ కళ్ళు మూసి తెరిచారు. నేను లేచి బయట నాలుగడుగులు వేసి వెనక్కి చూస్తే, ఆవిడ ముందు కాలు ఎత్తి గడప మీద పెడుతున్నారు.

అక్కడ ఊడుస్తున్న కొండమ్మ నా మొహం చూసి చీపురు ఆపింది. చుట్టుపక్కల ఏజెన్సీ ఊరి మనిషి, వరహాలమ్మ గారిని చూసుకునేది తనే.

"ఎవరు రమ్మన్నా అంతేనమ్మా. మాట రావటానికి రెండు రోజులు గాని, కాలు ఆరోజే కదుల్తాది. గుమ్మం దాకా వచ్చి నిలబడతాది. పిలిచినోళ్ళు వెళ్ళిపోయుంటారు కదా, మేం మళ్ళీ మూలకి జరుపుతాం."

"ఎన్నిసార్లు?"

"లెక్కేముందమ్మా. వారానికోపాలి."

పన్నెండుకి పావు తక్కువలో భీమేశ్వరరావు గారు ప్లాట్‌ఫారం మీద కాగితం పట్టుకుని నిలబడ్డారు. ఆవిడకి చెప్పారా అన్నారు. చెప్పానన్నాను. విన్నారా అన్నారు. విని ఉంటారు, జవాబు ఎల్లుండి అన్నాను. మరి ఏం రాయమంటారని అడిగారు. ఆవిడ చక్రాల బల్ల మీద, గాజు గది బయట, ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి, చలికి మెడ సగం లోపలికి లాక్కుని రైలు వైపు చూస్తున్నారు. కొండమ్మ ఆవిడ మీద తన దుప్పటి కప్పింది.

నేను కాగితం లాక్కుని సంతకం పెట్టాను. జాలితో కాదు. ఇంకోసారి ఆవిణ్ణి ఆ మూలకి జరపటానికి కారణం నేనవ్వటం నాకు చేతకాలేదు, అంతే. తాయారు ఏడ్చింది. వకుళ, నీ ఇష్టమేలే అంది. అతిథి ఉన్నన్నాళ్ళూ ఈ పుస్తకం రాస్తూనే ఉండాలని చెప్పి భీమేశ్వరరావు గారు నాకే తిరిగి ఇచ్చేశారు. రైలు కప్పు దాటగానే కిటికీ అద్దం వేడెక్కిపోయింది. కోటు విప్పి ఇచ్చేటప్పుడు దాన్ని కాసేపు వదల్లేదు నేను.

డిసెంబరు 24

నీళ్ళ డ్రమ్ములు తోసే బండి మీద నిన్న సాయంత్రం నలుగురం కలిసి ఆవిణ్ణి నలభై ఒకటో అంతస్తుకి చేర్చాం. లిఫ్టులో ఆవిడ పట్టాక మాలో ఒక్కరికే చోటు మిగిలింది. ఆ ఒక్కరు మీరంటే మీరని మర్యాదలు పడేలోపు లిఫ్టు ఆవిణ్ణి ఒక్కదాన్నే పైకి తీసుకుపోయింది.

పొద్దున్న పది దాటాక మాటపెట్టె పలికింది. మొన్నటి పొగకి జవాబులు, వరసగా, గంటకోటి. ముగ్గురూ సెలవు పెట్టి వచ్చి కూర్చున్నారు.

"నలభై ఏడా అండి. ఎంత అదృష్టం."

"పైకప్పు కిందైతే ఎండ బాగా తగులుతుందండి."

"పగలు ఎవరూ ఉండరా. హాయి."

"ఆకులే నాకిష్టమండి. ఆ చివరనున్న అమ్మాయికి బాగా తెలుసు."

వకుళ గర్వంతో ఎర్రబడింది. ఒకళ్ళు తన అభిప్రాయాన్ని మెచ్చుకోవటం ఇదే మొదలట. నూకాలు కడుపు పట్టుకుని నవ్వింది. నేను కూడా నవ్వాను, కాస్త ఏడుపు కలిసిన నవ్వు. వరహాలమ్మ గారు కిటికీ కింద, ఎండ నేరుగా పడేచోట, మెడ పొడుగ్గా సాచి పడుకున్నారు. గాజు గదిలో ఎప్పుడూ ఆవిణ్ణి అలా చూడలేదు.

డిసెంబరు 25

ముగ్గురూ డ్యూటీకి వెళ్ళిపోయారు, నేనింకా సెలవులోనే ఉన్నాను. తొమ్మిదింటికి నేను తోటకూర కోస్తున్నాను. మొన్న నేను రావద్దన్న మాటకి ఇవాళ జవాబు రావాలన్న సంగతి మరిచేపోయాను.

"అలాగేనండి హైమావతి గారూ," అంది పెట్టె. "అయితే రాను. నిజం చెప్పారు, సంతోషం. నాకు తెలియలేదు, రమ్మంటే రమ్మనే అనుకున్నాను. ఇంకోసారి చలికి వచ్చినప్పుడు కనపడి వెళ్ళండి."

నా చాప మీద, నా కిటికీ కింద కూర్చుని, రానని చెప్తున్నారావిడ. కత్తి కింద పెట్టేశాను.

పది నిమిషాలకి భీమేశ్వరరావు గారు ఫోన్ చేశారు. మాటపెట్టె మాటలు అక్కడ కూడా వినపడతాయట. "శుభం కదండీ హైమావతి గారూ. రాను అన్నారంటే సెలవు తీసుకున్నట్టే లెక్కండి. మీరు కాదన్నట్టు కాదు, ఆవిడే మానుకున్నట్టు. మీ చలి వంతులు మీకుంటాయండి. మధ్యాహ్నం బండి పంపుతాను."

అబద్ధమెందుకు, ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. నోట్లోంచి వచ్చే పొగ గుర్తొచ్చింది. జారుడు కొండ గుర్తొచ్చింది. యాభై అయిదు, యాభై ఎనిమిది, అరవై ఒకటి, అన్నీ నావే. ఆ తర్వాత ఆవిడ వైపు చూశాను. వెళ్తానన్న మనిషి కాబట్టి కాలు అప్పుడే కదులుతోంది. ఎండ పడే చోటు వదిలి, వీధి గుమ్మం వైపు.

ఫోన్ అలాగే పట్టుకుని ఆవిడ ముందు కూర్చున్నాను. ఈ మాట పుట్టినప్పటినుంచీ ఎంతమందితో అని ఉంటాను. నిజంగా అనాల్సి వస్తే వేరే మాట ఉంటుందేమోనని వెతికాను, ఏమీ దొరకలేదు. "ఉండండి వరహాలమ్మ గారూ," అన్నాను. "వెళ్ళకండి. ఈసారి మర్యాదకి అనటం లేదు."

"హలో, బండి ఎన్నింటికి పంపమంటారండి?" అన్నారు భీమేశ్వరరావు గారు.

"వద్దండి. నేను ఉండమన్నాను. ఆవిడ ఇంకా ఏమీ అనలేదు."

"జవాబు రావటానికి రెండు రోజులండి."

"తెలుసండి. ఇక్కడే ఉంటాను."

ఫోన్ పెట్టేశాను. బయట అప్పటికే నలభై నాలుగు దాటింది, నా జాకెట్టు వీపుకి అంటుకుపోయింది. వరహాలమ్మ గారు గుమ్మానికి సగం దూరంలో ఆగి, మెడ కాస్త లోపలికి లాక్కున్నారు. అక్కడ ఫ్యాను గాలి నేరుగా తగులుతుంది. లేచి ఫ్యాను కట్టేశాను.